అబ్సల్యూట్ బ్యాట్‌మన్ అంత గొప్పదా? నాలుగు వందలు పెట్టి ఇరవై పేజీలు కొనొచ్చా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: సినిమాలు చూసి సూపర్‌హీరోల పిచ్చి పట్టింది, ఇప్పుడు కామిక్స్ మొదలుపెట్టాలని ఉంది. అందరూ అబ్సల్యూట్ బ్యాట్‌మన్, కొత్త అల్టిమేట్ స్పైడర్‌మన్ అంటున్నారు, ఎనభై ఏళ్ల వెనక కథ తెలియకుండా అవి అర్థమవుతాయా? నెలకు వెయ్యి పెట్టగలవు, హైదరాబాద్‌లో ఉండి ఏది కొనాలి? డెడ్‌పూల్, బ్యాట్‌మన్ కలిసిన పుస్తకాలు ఎలా ఉన్నాయి? మీ రూమ్మేటేమో "అదంతా పాత చింతకాయ పచ్చడి, జాడీ మార్చి అమ్ముతున్నారు" అని తీసిపారేశాడు.

అర్థమవుతాయి. మీ రూమ్మేట్ అన్నది సగం నిజం. వెయ్యికి నెలకు రెండు ఇష్యూలు (నెలకొకటిగా వచ్చే విడి పుస్తకాలు) వస్తాయి, కానీ రెండూ కొనొద్దు. ఎందుకో చివర్లో చెప్తా. ఇక పొడుగు సమాధానం, చాయ్ పెట్టుకుని కూర్చో.

నేను స్ట్రక్చరల్ డిజైనర్ని. పగలంతా స్లాబులు, బీములు, కాలమ్‌లు. కామిక్స్ అలవాటు మాత్రం ఎనిమిదో తరగతిలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అంటుకుంది. ఆదివారం అక్కడ దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కదా, వాటి ముందు పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. ఎంట్రన్స్ గైడ్లు, డిటెక్టివ్ నవలలు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన డిక్షనరీలు, వాటి అడుగున ఎక్కడో అట్ట నలిగిన అమెరికన్ కామిక్ ఒకటి. ముందేం జరిగిందో తెలీదు, తర్వాతేం అవుతుందో తెలుసుకునే దారి లేదు. ఒక కథలో నాలుగో భాగం దొరికేది. ఐదోది రెండేళ్లకు దొరికేది, లేదా అసలే దొరికేది కాదు. దాంతో నాకు ఒక కొలత అబ్బింది: చేతిలో ఉన్న ఈ ఒక్క ఇష్యూ నాకు ఏమిచ్చింది? వెనక ఎన్ని వందల ఇష్యూలున్నాయి, ముందు ఏ మహాసంగ్రామం రాబోతోంది అన్నది నాకు అనవసరం. ఇప్పటికీ అదే కొలతతో చూస్తా, కింద చెప్పేదంతా ఆ కళ్లతోనే.

మొదట చేదు నిజం. మార్వెల్ (స్పైడర్‌మన్ కంపెనీ), డీసీ (బ్యాట్‌మన్, సూపర్‌మన్ల కంపెనీ) లోకాల్లో ఏదీ నిలవదు. 1992లో సూపర్‌మన్ చచ్చిపోయాడు, ఏడాది తిరిగేలోగా లేచొచ్చాడు. పీటర్ పార్కర్‌కి 1987లో పెళ్లి చేశారు, 2007లో మొదలైన కథలో దెయ్యంతో ఒప్పందం కుదిర్చి ఆ పెళ్లే జరగనట్టు చెరిపేశారు. చందమామ చదివి పెరిగిన మా తరానికి ఈ పద్ధతి తెలిసిందే. విక్రమార్కుడు ఎంత తంటాలు పడి శవాన్ని భుజానికెత్తుకున్నా, కథ ముగిసేసరికి మౌనభంగం అవుతుంది, బేతాళుడు శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కుతాడు. కానీ చందమామ మనల్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. చెట్టెక్కుతాడని ముందే తెలుసు, మనం చదివేది మధ్యలో చెప్పే కథ కోసం. అమెరికావాళ్లు మాత్రం ప్రతి రెండేళ్లకూ "ఈసారి చెట్టెక్కడు, ఒట్టు" అని అట్ట మీద అచ్చేసి అమ్ముతారు. నాకు మండేది అక్కడే. మీ రూమ్మేట్‌కి మండేదీ బహుశా అక్కడే.

మరి 2024 నుంచి వచ్చినవాటిలో తేడా ఏంటి? నాకు నచ్చినవన్నీ ఒకే పని చేశాయి. హీరోకి కొత్త శక్తులు, కొత్త కవచాలు తగిలించలేదు, వాడి దగ్గరున్నదేదో లాగేసుకున్నాయి. ఆస్తి, ఇల్లు, చుట్టాలు, వయసు. లాగేసుకున్నాక కూడా వీడు వాడేనా అని చూశాయి. నచ్చనివన్నీ ఉన్నదానికి ఇంకా తగిలించినవే.

అబ్సల్యూట్ బ్యాట్‌మన్ 1వ ఇష్యూ 2024 అక్టోబర్‌లో వచ్చింది. రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. డార్క్‌సైడ్ అనే విలన్ శక్తిలోంచి పుట్టిన వేరే లోకం ఇది, పాత డీసీ కథలతో లంకె లేదు, కాబట్టి నువ్వు సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు. ఇందులో బ్రూస్ వేన్‌కి మేడ లేదు, కోట్లు లేవు, బట్లర్ లేడు. ఆల్ఫ్రెడ్ ఉన్నాడు, కానీ బ్రిటిష్ గూఢచారిగా, దూరం నుంచి ఇతని మీద కన్నేసి ఉంటాడు. మొదటి ఇష్యూ కథ మనకు వినిపించేది అతని గొంతే. పెంచిన చెయ్యి అపరిచితుడి చెయ్యిగా మారితే ఎలా ఉంటుందో ఆ ఒక్క మార్పులో తెలిసిపోతుంది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది బ్రూస్ ఉద్యోగం. సివిల్ ఇంజనీర్. ముప్పై ఏళ్లుగా కామిక్స్ చదువుతున్నా, ఒక సూపర్‌హీరో నా పని చేస్తుంటే చూడటం ఇదే మొదలు! నవ్వకు. పాత బ్యాట్‌మన్‌కి ఊరంటే పైనుంచి కనబడేది, గోపురాల మీద కూర్చుని చూసేది. ఈ బ్యాట్‌మన్‌కి ఊరు కింది నుంచి తెలుసు. ఏ గోడ బరువు మోస్తుంది, ఏది ఊరికే అడ్డం కట్టింది, ఏ సొరంగం ఎక్కడ తేలుతుంది, ఇవి తెలిసినవాడు. వానాకాలంలో మన ఊళ్లో రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లు నిలిచినప్పుడు, మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలిసిన ఒక్క మనిషి కోసం వీధంతా ఎలా ఎదురుచూస్తుందో గుర్తు తెచ్చుకో. ఆ మనిషే ఈ బ్యాట్‌మన్. డబ్బున్నవాడు కొనుక్కునే చోట వీడు లెక్క కడతాడు.

ఇంకో మార్పు ఉంది, అది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. పాత కథలో సినిమా చూసి వస్తుంటే సందులో దొంగ తల్లిదండ్రుల్ని కాల్చేస్తాడు, ముత్యాల దండ తెగి పడుతుంది. తొంభై సార్లు చూశాం, మనసు మొద్దుబారిపోయింది. ఇక్కడ తండ్రి థామస్ డాక్టర్ కాదు, బడిపంతులు. పిల్లల్ని జూకి విహారయాత్రకు తీసుకెళ్లిన రోజు అక్కడ ఒకడు తుపాకీతో విరుచుకుపడతాడు, ఆయన చచ్చిపోతాడు. తల్లి మార్తా బతికే ఉంది. నేను ఈ ఇష్యూ చదివిన వారమే మా పాప స్కూల్ నుంచి బహదూర్‌పురా జూ ట్రిప్‌కి సంతకం పెట్టమని కాగితం వచ్చింది. అందరం వెళ్లినవాళ్లమే కదా, టాయ్ ట్రైన్, లయన్ సఫారీ, టిఫిన్ డబ్బాలో పులిహోర. సంతకం పెట్టాను, పెట్టి ఆ కాగితం వంక చాలాసేపు చూశాను. ముత్యాల దండ నన్ను ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు. ఈ మార్పు షాక్ కోసం చేసింది కాదు. తల్లి ఉండటం వల్ల బ్రూస్‌కి పోగొట్టుకునేది ఇంకా మిగిలి ఉంది. పాత బ్యాట్‌మన్‌కి అంతా పోయింది కాబట్టి భయం లేదు. వీడికి రోజూ భయమే.

బొమ్మల గురించి. డ్రగోటా బ్యాట్‌మన్ మనిషి కాదు, తలుపు! అంత వెడల్పు. ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి. చెవులు పీకితే కత్తులు. జంతువుల మాస్కులు తొడుక్కుని ఊరిమీద పడే పార్టీ యానిమల్స్ అనే ముఠా మధ్యకి దూకినప్పుడు ఆ గొడ్డలితో చేసే పని చూస్తే, వీడు చంపడు అన్న నియమం ఎంత సన్నటి గీత మీద నిలబడిందో అర్థమవుతుంది. గీత ధోరణిలో జపాన్ మాంగా వేగం కనబడుతుంది. ఫ్రాంక్ మార్టిన్ రంగులు కూడా నీలం, నలుపుల్లో మునిగిపోకుండా నియాన్ వెలుతురులా మండుతుంటాయి.

లోపాలు లేవా? ఉన్నాయి. స్నైడర్‌కి మాటలెక్కువ. గుద్దు పడుతుంటే పక్కన డబ్బాలో జీవిత సత్యం రాస్తాడు. కరెక్టుగా చెప్పాలంటే మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు డైలాగ్ రైటర్ రెచ్చిపోయినట్టు. "జూ" అనే మొదటి కథ 6 ఇష్యూల్లో ముగుస్తుంది, బాగుంది. 7, 8 ఇష్యూల్లో మిస్టర్ ఫ్రీజ్ కథకి మార్కోస్ మార్టిన్ బొమ్మలు వేశాడు, అది పచ్చి హారర్. నాకు మొత్తం సిరీస్‌లో బొమ్మలపరంగా అవే నచ్చాయి, డ్రగోటా అభిమానులు నన్ను తిడతారు, తిట్టనీ. తర్వాత బేన్ అనే విలన్ వచ్చాక రక్తం పెరిగింది, నాకైతే శ్రుతి మించింది. భయపెట్టాలంటే అంత చూపించక్కర్లేదు. మా పాపకి అందని అరలో పెట్టాను.

ఇక అల్టిమేట్ స్పైడర్‌మన్, ఇది మార్వెల్ వాళ్ల వేరే లోకం. జొనాథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలు, 2024 జనవరిలో మొదలైంది. ఇక్కడ లాగేసుకున్నది వయసుని. పీటర్ పార్కర్ పదిహేనేళ్ల కుర్రాడుగా ఉన్నప్పుడు కుట్టాల్సిన సాలీడు కుట్టలేదు. మేకర్ అనే విలన్ ఆ రాతని ముందే చెరిపేశాడు. పీటర్ మామూలుగా పెరిగి, మేరీ జేన్‌ని పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల తండ్రై, ముప్పై ఐదు దగ్గర పడ్డాక, ఆ పోయిన అవకాశం ఒక పెట్టెలో ఇంటికొస్తుంది. టోనీ స్టార్క్ పంపిస్తాడు. కుట్టించుకుంటావా, వద్దా?

ఈ ప్రశ్న విలువ ఇరవై ఏళ్లవాడికి సగమే తెలుస్తుంది, ఏమనుకోకు. గృహరుణం, పిల్లల ఫీజులు, మోకాలి నొప్పి ఉన్నవాడికి ఆ పెట్టె తెరవడమంటే ఏంటో తెలుసు. మొదటి ఇష్యూ అంతా ఆ నిర్ణయమే. పాత కథలో బెన్ బాబాయి పోవడం వల్ల పీటర్ హీరో అవుతాడు. ఇక్కడ బెన్ బతికున్నాడు, మే పిన్ని పోయింది. బెన్, పేపర్ ఎడిటర్ జేమ్సన్ ఇద్దరూ పాత పేపర్ వదిలేసి ముసలితనంలో సొంత పేపర్ పెట్టుకుంటారు. యజమాని ఒత్తిడికి లొంగని ఆ ఇద్దరి వాదులాటలు నాకు స్పైడర్‌మన్ ఊగడం కంటే ఎక్కువ నచ్చాయి. మన ఊళ్లో సీనియర్ జర్నలిస్టులు ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌ని రెండు చెయ్యమని చెప్పి గంటలు కొట్లాడుకునేవాళ్లు గుర్తొస్తారు.

నలుపు డ్రెస్ చూసి పీటర్ కూతురు చిన్నారి మే, భయంగా ఉంది నాన్నా, ఎరుపూ నీలం అయితే బాగుంటుంది అంటుంది. స్పైడర్‌మన్ రంగుల వెనక ఇంతకంటే మంచి కారణం నేనింతవరకు చదవలేదు.

నువ్వు ఒకే ఒక్క ఇష్యూ చదువుతానంటే నాలుగోది చదువు. డేవిడ్ మెసీనా వేశాడు. పీటర్, మేరీ జేన్, హ్యారీ ఆస్బోర్న్, గ్వెన్ నలుగురూ రెస్టారెంట్లో కూర్చుని భోజనం చేస్తారు. అంతే! ప్లేట్లు వస్తాయి, గ్లాసులు నిండుతాయి, మాట మీద మాట. ఒకరు చెప్పేది ఇంకొకరు వేరేలా వింటారు. నవ్వుతున్నవాడి కళ్లు నవ్వడం లేదని బొమ్మలో కనబడుతుంది, రాతలో రాయలేదు. సూపర్‌హీరో పుస్తకంలో తన్నులాట లేకుండా ఇన్ని పేజీలు నిలబెట్టడానికి దమ్ముండాలి. సికింద్రాబాద్‌లో ఏ బిర్యానీ హోటల్లోనో పాత దోస్తుల జంటలు రెండు కలిసి, పైకి పిల్లల చదువుల గురించి మాట్లాడుతూ లోపల ఒకరి జీతం ఒకరు అంచనా వేసుకుంటుంటారే, అచ్చం అదే గాలి ఉంటుంది ఆ టేబుల్ చుట్టూ.

ఇంకో విశేషం, ఇందులో కాలం మన కాలంతో పాటు నడుస్తుంది. పుస్తకం నెలకొకటి వస్తే లోపల కూడా నెల గడుస్తుంది. పాత వారపత్రికల్లో "సశేషం" చూసి వారమంతా ఆగిన తరం మాది. ఆ ఆగడం కూడా కథలో భాగమే అని హిక్‌మన్‌కి తెలుసు. పాత స్పైడర్‌మన్ అరవై ఏళ్లుగా ముప్పై దాటలేదు. వీడి పిల్లలు మన కళ్లముందే పెరుగుతారు.

రెండో ఏడు మాత్రం అంత బిగి లేదు. క్రేవెన్ అనే వేటగాడు వచ్చి పీటర్‌నీ హ్యారీనీ సావేజ్ ల్యాండ్ అనే అడవికి ఎత్తుకుపోయిన కథ నాకు సాగదీతే. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర బలంగా ఉన్న పుస్తకాన్ని తీసుకెళ్లి అడవిలో పడేశారు. బొమ్మలేసేవాళ్లు మారినప్పుడల్లా మొహాలూ మారాయి. అయినా 24వ ఇష్యూతో ముగింపు పెట్టారు, అది నాకు గౌరవం. మేకర్ తన నగరంలో బందీగా ఉన్నది రెండేళ్లే, ఆ గడువు తీరగానే బయటికొస్తాడు అని మొదట్లోనే గడియారం తగిలించారు. సూపర్‌హీరోల్లో ఇలా మొదలుపెట్టిన రోజే ముగింపు కనబడే కథ అరుదు. ఇక్కడ బేతాళుడు చెట్టెక్కే ఛాన్స్ లేదు, చెట్టే కొట్టేశారు.

అబ్సల్యూట్ అన్నది డీసీ ఆ వేరే లోకం పుస్తకాలకి పెట్టిన పేరు, అందులో మిగతావి త్వరగా చెప్పేస్తా. సూపర్‌మన్ది జేసన్ ఆరన్ రచన, రాఫా సాండొవల్ బొమ్మలు. కాన్సాస్ పొలంలో, పెంచిన అమ్మానాన్నల నీడలో పెరగడం అన్నది తీసేశారు. క్రిప్టాన్‌లో వాళ్ల కుటుంబం ఒళ్లు వంచి పనిచేసే వర్గం, ఛాతీ మీది ఆ గుర్తు ఆ వర్గానికి వేసిన ముద్ర. ఆలోచన అదిరింది. మొదటి ఇష్యూలో బ్రెజిల్ గనుల్లో కూలీల మధ్య తిరిగే సూపర్‌మన్ బాగున్నాడు. తర్వాత క్రిప్టాన్‌కీ భూమికీ మధ్య అటూ ఇటూ గెంతి గెంతి నన్ను పరేషాన్ చేశాడు. విడిగా ఇష్యూలు కాకుండా ఒకేసారి పుస్తకంగా చదివితే నయం.

వండర్ వుమన్ వీటన్నిటిలోకీ నిలకడైనది. కెల్లీ థాంప్సన్ రాసింది, హేడెన్ షెర్మన్ బొమ్మలు, జోర్డీ బెలేర్ రంగులు. ఈమె నుంచి లాగేసుకున్నది పుట్టిన దీవినీ అక్కచెల్లెళ్లనీ. పసిబిడ్డని అపోలో తెచ్చి నరకంలో మంత్రగత్తె సర్సీ చేతిలో పెడతాడు. ఆమెజాన్ (ఆమె పుట్టిన యోధ స్త్రీల జాతి) అన్న మాట కూడా పలకకూడదని ఆంక్ష. నరకంలో పెరిగిన పిల్ల కఠినంగా తయారవుతుందనుకుంటాం, కానీ ఆ పిల్ల కరుణ చూసి సర్సీయే మెత్తబడుతుంది. చేతిలో తనంత పొడుగు కత్తి, ఎక్కేది ఎముకల గూడు లాంటి రెక్కల గుర్రం, మనసు మాత్రం వెన్న. 2025లో ఐస్నర్ అవార్డుల్లో (అమెరికన్ కామిక్స్‌కిచ్చే పెద్ద బహుమతులు) ఉత్తమ కొత్త సిరీస్ ఇదే. అవార్డు చూసి కొనమనను, షెర్మన్ పేజీ కట్టే తీరు చూసి కొను. ప్యానెళ్లు (పేజీలోని బొమ్మల గడులు) వరసగా గళ్లలా నిలబడవు, ముగ్గులా అల్లుకుంటాయి. చుక్క ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలితో దారి పట్టుకుని చదవాల్సి వస్తుంది, అయినా ఎక్కడా తప్పిపోం.

మార్షియన్ మ్యాన్‌హంటర్ సంగతి వేరు. ఇది అందరికీ నచ్చదు, నాకు మాత్రం ప్రాణం. డెనిజ్ క్యాంప్ రచన, హవియర్ రోడ్రీగెజ్ బొమ్మలు. రంగులు కూడా అతనే వేసుకున్నాడు, ఇక్కడ అది ముఖ్యం. జాన్ జోన్స్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్ కాఫీ షాపులో ఆత్మాహుతి దాడి నుంచి బయటపడతాడు. అప్పటి నుంచి అతనిలో ఇంకెవరో ఉంటారు, అతనికి జనం ఆలోచనలు రంగురంగుల పొగలా కనబడతాయి. ఇది మాటల్లో చెప్తే ఏముందిలే అనిపిస్తుంది. పేజీ మీద చూడు. బూడిద రంగు వీధిలో నడుస్తున్న ఒక్కో మనిషి తలలోంచి పసుపు, గులాబీ, ఆకుపచ్చ తెరలు లేస్తుంటాయి, వాటి మధ్యలోంచి వీడు దారి చేసుకుంటూ పోతాడు. సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట మెట్రోలో రైలు మారేటప్పుడు నాకు ఈ పేజీ గుర్తొస్తుంది. సినిమాలో కుదరదు ఇది, నవల్లో కుదరదు. కాగితం మీద, రంగుల్లో, కదలకుండా ఉన్న బొమ్మలోనే కుదురుతుంది. మొదట 6 ఇష్యూలే అనుకుని తర్వాత 12కి పెంచారు. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్ కూడా ఉన్నాయి, నాకు ఎక్కలేదు, వదిలెయ్.

ఇక మామూలు లోకంలోని బ్యాట్‌మన్. 2025 సెప్టెంబర్‌లో మాట్ ఫ్రాక్షన్, హోర్హే హిమెనెజ్ కలిసి మళ్లీ 1వ నంబర్ నుంచి మొదలుపెట్టారు. నీలం, బూడిద డ్రెస్ తిరిగొచ్చింది. మొదటి ఇష్యూలో కిల్లర్ క్రాక్ అనే విలన్‌ని పట్టుకునే కథ, గుద్దులతో కంటే ఓపికతో. ఒక్క ఇష్యూలో మొదలై ఆ ఇష్యూలోనే ముగిసే కథ, నా ఆబిడ్స్ కొలతకి సరిగ్గా సరిపోయింది. ఇది బేతాళ కథే, చెట్టెక్కుతాడు, కానీ ఎక్కనని ఒట్టెయ్యడం లేదు. అందుకే మంచిదే.

దానికి పూర్తి విరుద్ధం, హష్ అనే బ్యాట్‌మన్ కథ రెండో భాగం. 2002, 03ల్లో జెఫ్ లోబ్, జిమ్ లీ చేసిన 12 ఇష్యూల కథకి కొనసాగింపు, 2025 మార్చిలో పాత బ్యాట్‌మన్ సిరీస్ 158వ ఇష్యూతో మొదలైంది. జిమ్ లీ గీత ఇప్పటికీ నిలువెల్లా పండగే, కాదనను. కథ? పెళ్లిలో పాత ఆల్బమ్ తెచ్చి ఒక్కో ఫోటో చూపించినట్టు ఒక్కో విలన్ వచ్చి పోతాడు. పైగా ఆలస్యాలు. పైన చెప్పిన కొత్త 1వ ఇష్యూ వచ్చేసే నాటికి కూడా ఈ కథ ముగియనే లేదు. సశేషం అని రాసి మాయమైపోతే అది సస్పెన్స్ అనిపించుకోదు తమ్ముడూ, బాకీ అంటారు దాన్ని.

డెడ్‌పూల్, బ్యాట్‌మన్ కలిసిన పుస్తకాలు అడిగావు. 2003లో మొదలైన జస్టిస్ లీగ్, అవెంజర్స్ కథ తర్వాత రెండు కంపెనీలు చెయ్యి కలపడం మళ్లీ 2025లోనే. సెప్టెంబర్‌లో మార్వెల్ తరఫున జెబ్ వెల్స్, గ్రెగ్ కపులో. నవంబర్‌లో డీసీ తరఫున గ్రాంట్ మోరిసన్, డాన్ మోరా. మొదటిది టైంపాస్, కపులో చేతిలో బ్యాట్‌మన్ ఎప్పుడూ బాగుంటాడు. రెండోది తనని తాను చూసి నవ్వుకునే కథ, మోరిసన్ని ఇదివరకు చదవకపోతే జోకులు సగం జారిపోతాయి. ఒకసారి ఎవరి దగ్గరైనా అడిగి చదువు, కొనకు.

మీ రూమ్మేట్ మాటకి వస్తే, ఇదంతా అమ్ముకునే ఎత్తుగడేనా? ఎత్తుగడే. ఒకే ఇష్యూకి రకరకాల వేరియంట్ కవర్లు వేస్తారు, అంటే లోపల అదే కథ, బయట వేరే అట్ట, అబ్సల్యూట్ బ్యాట్‌మన్ మొదటి ఇష్యూని మళ్లీ మళ్లీ ముద్రించారు. మొదటి ముద్రణని జనం పెట్టుబడిలా దాచుకుంటున్నారు. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆబిడ్స్‌లో ఒక కుప్పలోంచి ఎక్స్‌మెన్ 1వ ఇష్యూ, 1991ది, పదిహేను రూపాయలకి దొరికింది. 1వ నంబర్! నిధి దొరికిందనుకున్నా. పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో అమ్మ పట్టుచీరల కింద దాచా. అమ్మ పట్టుచీరలకి వేసిన కలరా ఉండల వాసన ఇప్పటికీ ఆ పుస్తకానికి వదల్లేదు. తర్వాతెప్పుడో తెలిసింది, ఆ ఒక్క ఇష్యూ 80 లక్షలకు పైగా కాపీలు వెళ్లిందని, గిన్నిస్ రికార్డని. నాలాగే లోకమంతా ఒక్కొక్కటి బీరువాలో దాచుకుని కూర్చుంది. అందరి దగ్గరా ఉన్న నిధికి ధర ఎవడిస్తాడు? ఆ వెర్రి దిగిపోయాక 1996 డిసెంబర్‌లో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి చదవడానికి కొను. ఏ కవర్ తక్కువకి దొరికితే అది కొను.

ఇప్పుడు నీ వెయ్యి సంగతి. విడి ఇష్యూ 3.99 లేదా 4.99 డాలర్లు, అంటే మన దగ్గర చేతికొచ్చేసరికి నాలుగు వందలు దాటడం మామూలు, రవాణా వేరే. ఇరవై, ఇరవై రెండు పేజీలు, పావుగంటలో అయిపోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇంకో బాధ. ఒక అమ్మకందారు నాకు కామిక్‌ని చుట్ట చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి పంపాడు, క్యాలెండర్ అనుకున్నాడేమో! ఇప్పటికీ బల్ల మీద పెడితే పాము పడగెత్తినట్టు లేస్తుంది. అట్టముక్కల మధ్య పెట్టి పంపుతారా అని అడిగి మరీ ఆర్డర్ చెయ్యి.

అందుకే రెండు ఇష్యూలు కొనొద్దన్నా. నెలకు ఒక్క సిరీస్ విడిగా తీసుకో, ఆ ఆగడం రుచి తెలియడానికి. అది వండర్ వుమన్ కావచ్చు. మిగతా డబ్బు దాచి రెండు మూడు నెలలకోసారి సంపుటి కొను. ముందు అల్టిమేట్ స్పైడర్‌మన్ మొదటి సంపుటి, అందులో 1 నుంచి 6 ఇష్యూలుంటాయి, డిన్నర్ ఇష్యూ అక్కడే ఉంది. తర్వాత అబ్సల్యూట్ బ్యాట్‌మన్ జూ, అదీ 6 ఇష్యూలే. పేజీ లెక్కన చూస్తే సంపుటి చాలా చవక. మార్వెల్ వాటికి ఇంకా చవక దారి మార్వెల్ అన్‌లిమిటెడ్ అనే యాప్ చందా, కొత్తవి మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి, పాతవి వేలకొద్దీ. డీసీ వాళ్ల మార్షియన్ మ్యాన్‌హంటర్‌ని మాత్రం ఏ ఫోన్ తెర మీదా చదవకు. దాన్ని ప్యానెల్ ప్యానెల్‌గా చూస్తే చచ్చిపోతుంది, పేజీ మొత్తం ఒకేసారి కంటపడాలి.

హైటెక్స్‌లో కామిక్‌కాన్‌కి వెళ్లు, సరదాగా ఉంటుంది, కాకపోతే టీషర్టులూ బొమ్మలూ ఎక్కువ, విడి ఇష్యూలు తక్కువ. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియం పుస్తక ప్రదర్శనలో పాత పుస్తకాల స్టాళ్లు వదలకు, సంపుటాలు సగం ధరకి తగులుతుంటాయి. వాటిని వెన్ను దాకా తెరిచి చూడు, లోపల పేజీలు ఊడిపోయినవి ఉంటాయి.

ఇంట్లో పెట్టేటప్పుడు నిలువుగా పెట్టు, గోడకి ఆనించకు, మన వానాకాలం చెమ్మ గోడలోంచే పాకుతుంది. కలరా ఉండలు బీరువా మూలన పెట్టు, పుస్తకం పక్కన కాదు, నా ఎక్స్‌మెన్ గతి పడుతుంది. ఇక ఆబిడ్స్‌లో ఇప్పుడు అమెరికన్ విడి ఇష్యూలు బాగా తగ్గిపోయాయి, అయినా అప్పుడప్పుడూ ఎవరో విదేశాలకి వెళ్లిపోతూ అమ్మిన పెట్టె ఒకటి దిగుతుంది. పొద్దున పదింటికల్లా ఉండు. పైన కనబడేవి చూసి బేరం మొదలుపెట్టకు, పట్టా చివర గైడ్ల కింద చెయ్యి పెట్టు. వాళ్లు ఏ రేటు చెప్పినా నీ బేరం అందులో సగం నుంచి మొదలవ్వాలి.